ఐదున్నర చప్పుడు

భూగోళాన్ని కాపాడదామని కాదు.
అకౌంటెంట్ కాగితం మీద రెండు అంకెలు వేసి
పెద్దదాని చుట్టూ సున్నా చుట్టాడు.
కంపెనీ కారు పన్ను. అంతే.
మంచిపని నా దగ్గరికెప్పుడూ
ఇలా పెరటి గుమ్మం నుంచే వస్తుంది.

నల్ల డీజిల్ బండిని తీసుకెళ్లడానికొచ్చిన కుర్రాడు
గీతలు లెక్కపెట్టాడు, చక్రాలకు ఫొటోలు తీశాడు,
లక్షా పద్నాలుగు వేల మైళ్లని ఒక గడిలో నింపాడు.
ఆ గడిలో పట్టనివి,
ఆసుపత్రి ఆసుపత్రికీ స్కానింగ్ యంత్రాలు మోసిన నా మాటలు,
హార్ట్స్‌హెడ్ మూర్ దగ్గర బండాపి
డీజిల్ వాసన వదలని వేళ్లతో తిన్న నిమ్మకాయ పులిహోర,
బేరం చెడిన రోజు స్టీరింగ్ మీద కొట్టిన దెబ్బ.
"లోపలేమైనా మర్చిపోయారా?" అన్నాడు.
సీటు కింద చెయ్యి పెట్టి తడిమాను.
ఒక పార్కింగ్ రసీదు. ఒక ఎండు కరివేపాకు.

ఇప్పుడు పడుకోబోయే ముందు నాకు
పాలు తోడెయ్యడంతో పాటు
కారుకి తీగ తగిలించడం ఇంకో పని.
జనవరిలో హడర్స్‌ఫీల్డ్‌లో
పాలు సరిగ్గా తోడుకోవు.
కారూ అంతే.
చలికి ఆరేడు మైళ్లు తక్కువే పేరుకుంటుంది.

ముప్పై మైళ్లు చప్పుడుండదన్నారు.
కొండ ఎక్కుడులో ఆ లెక్క చెల్లదు.
మాంచెస్టర్ వైపు రోడ్డు రెండుగా చీలి
నడుమ ఒక పొలం ఇంటిని ఒంటరిగా వదిలేసిన చోట
కాళ్ల కిందెక్కడో పెట్రోలు ఇంజన్ దగ్గి లేస్తుంది,
రాత్రి డ్యూటీలో వంతు వచ్చిన మనిషిలా.
"నీలాగే" అంది మా ఆఫీసు శ్రీలేఖ,
"ఇంటి చుట్టూ తెలుగు, దూరమైతే ఇంగ్లీషు."
నవ్వాను. పోలిక బాగానే ఉంది.
నేను నిద్రలో డిస్కౌంట్లు చెప్పేది ఏ భాషలోనో
ఆమెకి తెలీదు.

తొమ్మిదో రోజు పొద్దున
పక్కింటి క్లిఫర్డ్ హేగ్ తలుపు కొట్టాడు.
ఎనభై రెండేళ్లు. చెవులు రెండూ
ఉన్ని మిల్లు మగ్గాలకి ఎప్పుడో ఇచ్చేశాడు.
చేతిలో పాత పేపర్లో చుట్టిన రూబార్బ్ కాడలు.
"ఉద్యోగం పోయిందా?" అన్నాడు
తనకు మాత్రమే వినపడనంత గట్టిగా.
"ఎవరికీ చెప్పనులే."

వాకిట్లోకి తీసుకెళ్లి కారు చూపించాను.
సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు
చుట్టూ తిరిగి చూశాడు, తీగని కూడా.
తర్వాత మెల్లగా చెప్పాడు.
చెవికి కాదట.
ఐదున్నరకి నా డీజిల్ మొదలైతే
వాళ్ల కిటికీ అద్దం వణికేదట,
మంచం పక్క గ్లాసులో నీళ్లు వణికేవట,
ఆ నీళ్లతోనే థైరాయిడ్ మాత్ర వేసుకునేవాడట.
తొమ్మిది రోజుల్లో నాలుగు మాత్రలు
అట్టలోనే ఉండిపోయాయట.

నాలుగేళ్లూ ఆ మోతకి సిగ్గుపడ్డాను.
ప్రతి క్రిస్మస్‌కీ నేనిచ్చిన చాక్లెట్ డబ్బా
పండక్కి కాదు, క్షమాపణకి.
అతను దాన్ని
తన గడియారానికి తనే అందుకున్న జీతంలా
సంతోషంగా తినేశాడు కాబోలు.

దీపం వెలిగే అలారం కొనిస్తానన్నాను.
కూతురు ఎప్పుడో కొనిచ్చిందట,
పెట్టె విప్పలేదట.

రూబార్బ్‌ని పప్పులో వేశాను.
పులుపు సరిపోయింది, రంగే కుదరలేదు.

ఇప్పుడు ఐదున్నరకి తీగ ఊడదీసేముందు
మా రెండిళ్ల ఉమ్మడి గోడ మీద
అరచేత్తో మూడుసార్లు చరుస్తాను,
గట్టిగా, రొట్టె పిండిని చరిచినట్టు.
అటునుంచి ఒక్కోసారి జవాబొస్తుంది.
ఒక్కోసారి రాదు.

రాని రోజు
ఆ కొండ ఎక్కేదాకా
రేడియో పెట్టను.